ఒకే ఆల్బమ్‌ను ఏళ్ల తరబడి పాతబడకుండా వినడం ఎలా

ఫోన్‌లో వేల పాటలున్నా తిరిగి తిరిగి ఒక్క ఆల్బమ్ దగ్గరికే వచ్చి ఆగేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. అది ఎలక్ట్రానిక్ మ్యూజిక్ అయితే కష్టం ఇంకొంచెం ఎక్కువ. మాటలుండవు, పాడేవాళ్లుండరు, ఇంట్లోవాళ్లు "ఏందిరా ఈ మిషన్ సప్పుడు" అంటారు, మీకేమో అందులో ఏం నచ్చిందో విప్పి చెప్పడం రాదు. పైగా ఒక భయం: ఇంతిష్టంగా వింటున్నది ఎక్కువ విని విని ఏదో ఒకరోజు చప్పబడిపోతుందేమోనని. చప్పబడేది ఆల్బమ్ కాదని నా నమ్మకం. చాలావరకు మన వినికిడే మొదటివారం ఎక్కడుందో అక్కడే ఆగిపోతుంది, కొత్తగా వినడానికి ఏమీ మిగలలేదనిపిస్తుంది. దాన్ని కదిలించడానికి ఏం చేయాలో చెప్తాను.

ఉదాహరణకి నాకు ప్రాణమైన ఆల్బమ్‌నే తీసుకుంటాను: చరణ్‌జీత్ సింగ్ చేసిన 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్'. ఆయన బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన మనిషి. 1982లో మూడు జపాన్ మిషన్లు ముందు పెట్టుకుని, పది హిందుస్తానీ రాగాలను డిస్కో దెబ్బ మీద వాయించి రికార్డు చేశాడు. తబలా లేదు, తంబురా లేదు. అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2010లో బయటి దేశంలో మళ్లీ అచ్చువేశాక ప్రపంచమంతా ఉలిక్కిపడి చూసింది, ఆయన ముసలితనంలో యూరప్ వెళ్లి కచేరీలు చేశాడు, 2015లో ముంబైలో పోయాడు. మీ ఆల్బమ్ వేరే కావచ్చు, పద్ధతి మాత్రం అదే.

ముందు కాపీ సంగతి చూడండి

యాప్‌లో ఉంది కదా అని ఊరుకోకండి. హక్కుల ఒప్పందం అయిపోతే ఒక పొద్దున ఆ ఆల్బమ్ పేరు బూడిదరంగులోకి మారిపోతుంది, నొక్కితే పలకదు. ఎవరో పాత రికార్డు నుంచి తీసి ఎక్కించిన వీడియోల్లో ప్లేయర్ వేగం కొంచెం తేడా ఉంటే శ్రుతే మారిపోతుంది, మీరు ఏళ్లపాటు తప్పు శ్రుతిలో ప్రేమిస్తూ కూర్చుంటారు. అందుకని డబ్బు పెట్టి ఒక్కసారి కొనండి. సీడీ అయినా, ఫ్లాక్ ఫైల్ (నాణ్యత తగ్గకుండా కుదించిన ఫైల్) అయినా సరే. యాభై నిమిషాల ఆల్బమ్ సీడీ నాణ్యతలో సుమారు 500 ఎంబీ ఉంటుంది, ఫ్లాక్‌లోకి మారిస్తే అందులో సగమో, ఇంకొంచెం ఎక్కువో. ఈ రోజుల్లో అదొక బరువు కాదు. రెండు చోట్ల దాచండి, ఒకటి ఫోన్‌లో, ఇంకొకటి ఇంట్లో ఉండే పెన్‌డ్రైవ్‌లోనో హార్డ్‌డిస్క్‌లోనో.

తర్వాత ఫోన్ సెట్టింగులు. షఫుల్ తీసేయండి. ఒక పాటలోకి ఇంకో పాట కలిపే క్రాస్‌ఫేడ్ తీసేయండి, ఆల్బమ్ అయిపోగానే యాప్ తనకు తోచింది వేసే ఆటోప్లే కూడా తీసేయండి, ఎందుకంటే చివరి ట్రాక్ తర్వాత వచ్చే నిశ్శబ్దం కూడా ఆల్బమ్‌లో భాగమే, దాన్ని ఎవరో అరిచి చెడగొట్టకూడదు. బేస్ బూస్ట్ అయితే అస్సలు వద్దు. ఈ ఆల్బమ్‌లో డ్రమ్ములు వాయించేది రోలాండ్ టీఆర్-808 అనే మిషన్, దాని కిక్, అంటే లావుగా పడే డ్రమ్ము దెబ్బ, సుమారు 50 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, అదే చాలా లోతు. దాన్ని ఇంకా ఉబ్బిస్తే పైన నడిచే బేస్ లైన్ (లోతైన స్వరాల వరస) మొత్తం దాని కింద పడి నలిగిపోతుంది.

ఫోన్ స్పీకర్‌లో వినడమంటే ఆల్బమ్‌లో సగం వినడమే, 50 హెర్ట్జ్ అంత చిన్న స్పీకర్ నుంచి రాదు గాక రాదు. ఖరీదైనవి అక్కర్లేదు, వైరున్న మామూలు ఇయర్‌ఫోన్లు చెవిలో సరిగ్గా బిగిస్తే చాలు. సౌండ్ 60 శాతం దాటనీయకండి. 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు దాటితే చెవులకు ముప్పని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, ఏళ్ల తరబడి వినాలంటే ఆల్బమ్‌తో పాటు చెవులూ మిగలాలి కదా.

పొరలు విడదీసి వినండి

అసలు పని ఇక్కడుంది, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

మొదటిసారి మొదటి నుంచి చివరి దాకా ఏమీ ఆలోచించకుండా వినేయండి. మరో రోజు ఒక్క ట్రాక్ తీసుకోండి, దాన్ని వరసగా మూడుసార్లు వినండి, కానీ ఒక్కోసారి ఒక్కదాన్నే పట్టుకుని. మొదట డ్రమ్ములు మాత్రమే. 808 ఒక వరసలో పదహారు గడులుండే మిషన్, ఏ గడిలో ఏ దెబ్బ పడాలో ముందే నింపి పెడతారు, అది తిరుగుతూనే ఉంటుంది. డిస్కో కాబట్టి కిక్ 1, 5, 9, 13 గడుల్లో, అంటే ప్రతి దెబ్బకీ పడుతుంది. దాని మీద చప్పట్లు ఎక్కడ, తాళంలా సన్నగా పలికే హై-హ్యాట్ ఎక్కడ అని వేలితో మోకాలి మీద కొట్టుకుంటూ వినండి. మన వరంగల్ వాళ్లకు ఇది తేలిక. వినాయక నిమజ్జనం నాడు హన్మకొండ చౌరస్తాలో డీజే బండి వెనక నిలబడ్డ ఎవరికైనా కిక్ ఎక్కడ పడుతుందో చెవి కంటే ముందు ఛాతీ చెప్తుంది.

రెండోసారి బేస్ లైన్. ఇదే ఈ ఆల్బమ్ గుండె. వాయించేది రోలాండ్ టీబీ-303 అనే చిన్న వెండి రంగు డబ్బా. 1981లో వచ్చింది, 1984కల్లా కంపెనీ ఆపేసింది, ఎందుకంటే అది అనుకున్న పనికి పనికిరాలేదు. ఒంటరిగా గిటార్ సాధన చేసేవాడికి బేస్ వాయించేవాడి లోటు తీర్చాలని చేశారు దాన్ని, కానీ దాని గొంతు బేస్ గిటార్‌లా ఎప్పుడూ పలకలేదు. మిషన్ లోపల ఉన్నది ఒక్కటే ఆసిలేటర్, అంటే శబ్దం పుట్టించే భాగం. దాని శబ్దాన్ని ఒక ఫిల్టర్ లోంచి పంపిస్తారు. కటాఫ్ అనే నాబ్ తగ్గిస్తే పైనుండే పదునైన శబ్దాలు తెగిపోయి గొంతు మూసుకున్నట్టు వస్తుంది, పెంచితే తెరుచుకుంటుంది. రెజొనెన్స్ అనే నాబ్, ఎక్కడ తెగుతోందో సరిగ్గా ఆ చోటును గట్టిగా మోగిస్తుంది, అప్పుడే ఆ తడితడిగా "క్యుంయ్" అనే మూలుగు పుడుతుంది. నల్లా కింద బిందె నిండుతున్నప్పుడు వచ్చే చప్పుడు గుర్తుందా, నీళ్లు అవే, కానీ శబ్దం కింది నుంచి పైకి ఎక్కుతూ పోతుంది, కళ్లు మూసుకున్నా బిందె నిండబోతోందని తెలుస్తుంది. ఫిల్టర్ తెరుచుకోవడం అచ్చం అలాగే వినిపిస్తుంది. ఇంకో రెండు సంగతులు: యాక్సెంట్ పెట్టిన గడిలో స్వరం ఒత్తి పలుకుతుంది, స్లైడ్ పెట్టిన గడిలో స్వరం తెగకుండా పక్క స్వరంలోకి జారుతుంది. మన గమకాల్లో 'జారు' అనేది ఉంది చూడండి, ఆ డబ్బాకు తెలిసిన ఒకే ఒక్క గమకం అది. రాగాన్ని దాని మీద పెట్టాలనుకున్న మనిషికి ఆ ఒక్కటి చాలింది.

మూడోసారి పైన తిరిగే రాగం. అది రోలాండ్ జూపిటర్-8, 1981లో వచ్చిన సింథసైజర్, ఒకేసారి ఎనిమిది స్వరాలు పలుకుతుంది. కింద డ్రమ్ములూ బేసూ గడియారంలా ఒకేలా తిరుగుతుంటాయి, పైన మాత్రం మనిషి వేళ్లు. ఎక్కడ తొందరపడ్డాడు, ఎక్కడ ఆగాడు, ఏ స్వరం మీద ఒక్క క్షణం ఎక్కువ నిలిచాడు అని వినడం మొదలుపెడితే ఆ ట్రాక్ ఇక పాతబడటం కష్టం. నాలుగోసారి అన్నీ కలిపి వినండి. తేడా మీకే తెలుస్తుంది.

ఒకే ముక్క మళ్లీ మళ్లీ వస్తుంది కదా, బోర్ కదా అనేవాళ్లకి నా జవాబు బతుకమ్మే. ఒకే వరస, ప్రతి పాదానికీ ఉయ్యాలో, చప్పట్లు, చుట్టూ నడక, పొద్దుమూకి మొదలైంది చీకటిపడి చాలాసేపయ్యాక కూడా నడుస్తూనే ఉంటుంది. ఆడేవాళ్లలో ఎవరైనా వరస మార్చమని అడిగారా? వరస మారదు కాబట్టే మాట మారడం, గొంతు మారడం, అడుగు వేగం పెరగడం తెలుస్తుంది. పునరావృతాన్ని వినడం వరంగల్ వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు, ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నప్పుడు కూడా అదే చెవి వాడితే సరిపోతుంది.

మీకు తెలిసినదానికి ముడిపెట్టండి

హిందుస్తానీ పేర్లు చూసి దూరం అనుకోవద్దు. ఈ పదిలో చాలావాటికి మన కర్ణాటక సంగీతంలో చుట్టాలున్నాయి. మొదటి ట్రాక్ భైరవ్, దాని స్వరాలు మన మాయామాళవగౌళవే, అంటే సంగీతం క్లాసుకు వెళ్లిన ప్రతి పిల్లా మొదటిరోజు పాడే సరళీ స్వరాలవే. భూపాలీ అంటే మోహన, యమన్ అంటే కళ్యాణి, మాల్‌కౌఁస్ అంటే హిందోళం. తోడి అని పేరు చూసి మన తోడి అనుకునేరు, అది శుభపంతువరాళి దారి. కళావతి మన వలజికి, చివరి ట్రాక్ బైరాగి మన రేవతికి సరిపోతాయి. మేఘ్‌మల్హార్ మధ్యమావతికి దగ్గర, మధువంతిలో ధర్మవతి ఛాయ ఉంటుంది. లలిత్ ఒక్కటే ఇబ్బంది పెడుతుంది, అందులో రెండు మధ్యమాలూ ఉంటాయి, పంచమం ఉండదు. నాకు అన్నిటికంటే ఆలస్యంగా అలవాటైంది, ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ ఇష్టం కూడా అదే.

చేయాల్సిన పని: ట్రాక్ మొదలవగానే 'స' ఎక్కడుందో పట్టుకోండి. బేస్ తిరిగి తిరిగి వచ్చి ఏ స్వరం మీద వాలుతుందో అది పట్టుకుంటే చాలా వరకు దొరికినట్టే. దాన్ని మెల్లగా కూనిరాగం తీయండి. తర్వాత ఆ రాగం ఆరోహణ మీరే గొంతులో ఒకసారి పాడి చూసి, మళ్లీ ట్రాక్ వేయండి. మీకు సంగీతం రాకపోతే ఇంట్లోనో పక్కింట్లోనో నేర్చుకుంటున్న పిల్లలుంటారు, భైరవ్ వినిపించి "ఇదేం రాగమో చెప్పు బిడ్డా" అని అడగండి. సరళీ వరసలు పాడే పిల్లలు చాలా తొందరగా పట్టేస్తారు, మీ మిషన్ సప్పుడుకి ఇంట్లో మొదటిసారి గౌరవం దొరికేది కూడా అప్పుడే.

మీది రాగాల ఆల్బమ్ కాకపోతే ముడి వేరేచోట ఉంటుంది. జర్మనీ బృందం క్రాఫ్ట్‌వెర్క్ 1977లో తెచ్చిన 'ట్రాన్స్-యూరప్ ఎక్స్‌ప్రెస్' ఇష్టమైతే అది రైలు చప్పుడు మీద కట్టిన ఆల్బమ్, కాజీపేట జంక్షన్‌లో పెరిగినవాళ్లకంటే దానికి బాగా తగిన శ్రోతలెవరు? ఫ్రాన్స్ సంగీతకారుడు జాన్-మిషెల్ జార్ 1976 నాటి 'ఆక్సిజెన్' అయితే తన ఇంట్లోనే రికార్డు చేశాడు, స్టూడియోలో కాదు. అది తెలిశాక వినండి, గదిలో ఒక మనిషి ఒంటరిగా కూర్చున్నట్టు ఉంటుంది.

చోటూ పూటా

రాగాలకు పూటలున్నాయి కాబట్టి ఈ ఆల్బమ్‌కు పూట ఎంచుకోవడం తేలిక. భైరవ్, లలిత్ తెల్లవారుజామున, యమన్ దీపాలు పెట్టే వేళ, మాల్‌కౌఁస్ రాత్రి బాగా పొద్దుపోయాక. భద్రకాళి చెరువు కట్ట మీద పొద్దున్నే నడిచేవాళ్లు భైరవ్‌తో మొదలుపెట్టి చూడండి. మొత్తం ఆల్బమ్ ఒకేసారి వినాలంటే మాత్రం సికింద్రాబాద్ రైలు మంచిది. కాజీపేటలో బండి కదలగానే మొదలుపెడితే, బండిని బట్టి, జనగామ దాటాక ఆలేరు చుట్టుపక్కల అయిపోతుంది. ఒక్క షరతు, రైలు చప్పుడు కింది శబ్దాలను మింగేస్తుంది కాబట్టి రైల్లో బేస్ వెతకొద్దు, పైన తిరిగే రాగాన్ని మాత్రం వినండి. బేస్ పని రాత్రి ఇంట్లో, ఫ్యాన్ ఆపి. మే నెలలో మన ఊళ్లో ఫ్యాన్ ఆపడం అయ్యే పని కాదని నాకు తెలుసు, చలికాలంలో చేయండి.

కొన్నాళ్లు దూరం పెట్టండి

ఇష్టమైన ఆల్బమ్‌ను అలారంగా పెట్టకండి. రింగ్‌టోన్‌గా అస్సలు వద్దు, అప్పులవాడి ఫోనూ ఆఫీసు ఫోనూ అదే ట్యూన్‌తో వస్తే టెన్షన్ అంతా వెళ్లి ఆ ట్యూన్‌కి అంటుకుంటుంది, ఎన్నేళ్లయినా వదలదు. చదువుకునేటప్పుడు వెనకాల పెట్టుకోవడం గురించి నాతో వాదించేవాళ్లున్నారు, కానీ అలా వినీ వినకుండా వినడం వల్లే ఆల్బమ్‌లు అరుగుతాయని నేను గట్టిగా అంటాను. వెనకాల ఏదైనా కావాలంటే వేరేది పెట్టుకోండి.

ఎండాకాలం మొదలవగానే దాన్ని ఫోన్ నుంచి తీసేయండి, ఇంట్లో కాపీ ఉంది కదా. మిరుగం (మృగశిర కార్తె) వచ్చాక, చేపల కూర తిన్నాక, మొదటి గట్టి వాన పడిన రోజు మేఘ్‌మల్హార్‌తో మళ్లీ మొదలుపెట్టండి. అది వానల రాగమే. ఇలా ఒకటి రెండేళ్లు చేస్తే వాన వాసన రాగానే చేయి ఇయర్‌ఫోన్ల కోసం వెతుకుతుంది. వేరే ఆల్బమ్ అయితే వేరే రుతువు పెట్టుకోండి, ఏదో ఒకటి ఉండాలి అంతే.

ఒక చిన్న నోటుబుక్ కూడా పెట్టుకోండి. తారీఖు, ఎక్కడ విన్నారు, కొత్తగా వినపడింది ఏంటి, ఒక్క వాక్యం. మార్కులు వేయకండి. ఇష్టమైనదానికి పదికి ఎంత అని వేయడం మొదలుపెట్టిన రోజే దాన్ని పక్కవాటితో తూచడం మొదలవుతుంది.

మీరే ఒకటి తయారుచేయండి

చప్పబడినట్టు అనిపించినప్పుడు అన్నిటికంటే బాగా పనిచేసేది ఇదే. 303ని అనుకరించే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఫోన్‌కీ కంప్యూటర్‌కీ దొరుకుతాయి. ఒకటి తెరిచి, టెంపో (నిమిషానికి ఎన్ని దెబ్బలో ఆ వేగం) 120 పెట్టండి. డ్రమ్ముల్లో కిక్‌ని 1, 5, 9, 13 గడుల్లో పెట్టండి, చప్పట్లు 5, 13లో. ఇప్పుడు బేస్‌లో మోహన స్వరాలు మాత్రమే వాడండి, సి శ్రుతి అనుకుంటే సి, డి, ఇ, జి, ఎ. మొదటి గడిలో స, మూడులో స, నాలుగులో గ, ఆరులో ప, ఏడులో ద, ఎనిమిదిలో పై స, మిగతావి ఖాళీ. ఏడు నుంచి ఎనిమిదికి స్లైడ్, నాలుగు మీద యాక్సెంట్. తొమ్మిది నుంచి పదహారు మీ ఇష్టం. ప్లే నొక్కి కటాఫ్ నాబ్ పూర్తిగా మూసి, ఒక నిమిషం పట్టేలా మెల్లగా, చాలా మెల్లగా తెరవండి.

ఇది అయ్యాక హిందోళంతో కూడా చేయండి, సి నుంచి అయితే సి, ఇ-ఫ్లాట్, ఎఫ్, ఎ-ఫ్లాట్, బి-ఫ్లాట్. మీ ముక్క గొప్పగా రాదు, రావాల్సిన అవసరమూ లేదు. కానీ తర్వాత ఆల్బమ్‌లో భూపాలీ వేసి చూడండి. ఇప్పుడు మీకు స్వరాలు కాదు, ఎక్కడ స్లైడ్ పెట్టాడు, ఏ గడి ఖాళీ వదిలాడు అన్నది వినపడుతుంది. ఆయనకు మీలా తెర మీద రంగుల గడులు లేవు, ఆ డబ్బాలో స్వరాలు వేరుగా, వాటి నిడివి వేరుగా నొక్కుకుంటూ పోవాలి, ఆ పద్ధతి ఎంత చిరాకంటే చాలామంది దాన్ని అమ్మేయడానికి అదొక కారణం. అలా సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా అమ్ముడైన 303లే షికాగో కుర్రాళ్ల చేతుల్లో పడ్డాయి, 1987లో ఫ్యూచర్ అనే బృందం తెచ్చిన 'యాసిడ్ ట్రాక్స్'తో యాసిడ్ హౌస్ అనే డాన్సు సంగీతానికి కొత్త దారి పడింది. చరణ్‌జీత్ సింగ్ అంతకు అయిదేళ్ల ముందే అదే 303తో అలాంటి శబ్దమే చేశాడు కాబట్టి యాసిడ్ హౌస్ కనిపెట్టింది మనవాడే అని కొందరు గొడవ పడుతుంటారు. ఆ గొడవలోకి దిగకండి. షికాగో వాళ్లు ఈ రికార్డు వినలేదు, ఈయన వాళ్లకోసం చేయలేదు. మొదటిది అన్న కారణంతో ప్రేమిస్తే, రేపు ఎవరో 1981 నాటి రికార్డు ఒకటి తవ్వి తీసిన రోజు మీ ప్రేమ ఏమవుతుంది?

పక్కవాళ్లకు వినిపించడం

మొత్తం ఆల్బమ్ ఎవరి చెవిలోనూ పెట్టకండి. ఒక్క ట్రాక్, మనిషిని బట్టి. పాత హిందీ పాటలంటే ప్రాణమిచ్చే నాన్నకో బాబాయికో ముందు వాయించిన మనిషి కథ చెప్పండి, సినిమా ఆర్కెస్ట్రాల నుంచి వచ్చాడని తెలిస్తే చెవి దానంతటదే తెరుచుకుంటుంది, అప్పుడు యమన్ వేయండి. కీర్తనలు పాడే అత్తయ్యకు మాల్‌కౌఁస్. భైరవ్ ట్రాక్ మొదట్లో మిషన్ గొంతుతో 'ఓం నమః శివాయ' వస్తుంది, దానికి ఇంట్లో నవ్వేవాళ్లూ ఉంటారు, చేతులు జోడించేవాళ్లూ ఉంటారు, రెండూ సరైనవే. వినేటప్పుడు వాళ్ల మొహం వంక చూడకండి, "ఇప్పుడొస్తది చూడు" అని మధ్యలో చెప్పకండి. నచ్చకపోతే వదిలేయండి.

డీజే నడిపే దోస్తు ఉంటే మాత్రం అదృష్టవంతులు. పండగ అయిపోయి బాక్సులు సర్దేముందు, ఊరి బయట ఖాళీ జాగలో, కళావతి ఒక్కసారి ఆ పెద్ద బాక్సుల మీద వేయమని బతిమాలండి. 808 కిక్ ఇలా పడాలని చేశారా అని అప్పుడు అర్థమవుతుంది. పెన్‌డ్రైవ్‌లో ఆ ఒక్క ట్రాకే వేసి ఇవ్వండి, ఆల్బమ్ మొత్తం ఉన్నది ఇవ్వొద్దు. డీజే చేతికిచ్చిన పెన్‌డ్రైవ్ తిరిగిరావడం నేనింతవరకు చూడలేదు.